బొమ్మ ఉన్న సగం

"ఏమే, ఇయాలన్న సగం కాకుండ పూరా లేబుల్ తెస్తవా?"

"ఎవలికి అమ్ముతున్నవో ముందుగాల జెప్పు. అప్పుడు తెస్త."

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన నవ్వి, టిఫిన్ డబ్బా సంకలో పెట్టుకుని, పొద్దుటి డ్యూటీకి కంపెనీ బస్సు ఎక్కడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. బస్సు రాకముందే గుండె పట్టుకుని కూలబడ్డాడని కబురు వచ్చింది. ఇప్పటికి నాలుగేళ్లు. అది దొంగతనం బయటపడినవాడి నవ్వో, నా తెలివికి నవ్విన నవ్వో నాకు తేలలేదు. తేల్చుకోవడానికి ఆయన నోటు పుస్తకం ఒకటి నా పెట్టెలోనే ఉంది. కానీ ఎవరి చేతనైనా చదివిస్తే ఆయన దొంగ అని బయటపడుతుందేమోనని దాన్ని చీరల కిందే తొక్కిపెట్టాను.

మొన్న ఆదివారం బియ్యం డబ్బా వెనక తేలు కనబడిందని మా చెల్లెలి బిడ్డ సామానంతా వాకిట్లో పెట్టింది. అది రుద్రారంలో చదువుకుంటూ నా దగ్గరే ఉంటుంది. దాని చేతిలో ఒక పాత సంచి పిగిలి, గంపెడు కాగితపు ముక్కలు కింద పడ్డాయి.

"పెద్దమ్మా, గివేంది? అన్నిటి మీద పుర్రె బొమ్మలే! చేతబడి గిట్ల చేస్తున్నవా ఏంది?"

"ముట్టకు. గవి సాక్ష్యం."

"దేనికి సాక్ష్యం?"

అట్లా మొదలైంది. చెప్పక తప్పలేదు. ఇప్పుడు నేను చెబుతుంటే అదే రాస్తోంది. నేను 'పోయిన' అంటే అది 'వెళ్లాను' అని రాస్తుందట, పుస్తకంలో అట్లాగే ఉండాలట. నా నోట్లో లేని మాట పెట్టే పిల్ల ఇంకేమేం పెడుతుందోనని ఒక కన్ను దాని పెన్ను మీదే ఉంచాను.

నేను పటాన్‌చెరు దగ్గర పాత డ్రమ్ములు కడిగే యార్డులో పనిచేశాను. నాలుగైదు కంపెనీల్లో రసాయనాలు అయిపోయిన ఖాళీ డ్రమ్ములు అక్కడికి వస్తాయి. గోనెపట్టా వేడినీళ్లలో ముంచి లేబుల్ మీద పరవాలి. ఒక వక్క నమిలేంత సేపు ఆగాలి. అప్పుడు రేకు ముక్కతో మూల నుంచి లేపితే పాల మీద మీగడలా వస్తుంది. ఆగని వాళ్లకు పీలికలే వస్తాయి. నా చేతికి నిండు లేబుల్ వచ్చేది, చూసి మిగతా ఆడవాళ్లు మూతి తిప్పేవాళ్లు. వచ్చిన లేబుల్ అక్కడే నలిపి తొట్టిలో వేయాలి. మేస్త్రీ రోజూ అదే పాట పాడేవాడు: "ఒక్క లేబుల్ గూడ గేటు దాటొద్దు. దొంగ మందులోల్లు తీస్కపోయి ఉత్త డ్రమ్ములకు అంటిస్తరు. పట్టుబడితే నేను గాదు, మీరే పోతరు లోపలికి." ఆ యార్డు వాసన ఏ సబ్బుకూ పోదు. మా ఆయనకూ అదే వాసన. గడ్డపోతారం మందుల కంపెనీ గోదాంలో హెల్పర్ ఆయన. ఇద్దరం ఒకే కంపు కొట్టేవాళ్లం కాబట్టి ఆ విషయంలో మా ఇంట్లో గొడవ లేదు.

అలాంటి మనిషి ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "లేబుళ్లు చినగకుండ ఇంటికి తీస్కరారాదే, జెర పనున్నది" అన్నాడు. ఏం పని అంటే, "సదువుకుంట" అన్నాడు. యాభై దాటిన మనిషి! ఐదో తరగతిలో మానేసిన చదువు ఇప్పుడు ఏ పురుగు కుడితే గుర్తొచ్చింది? నాకు వెంటనే మేస్త్రీ పాట గుర్తొచ్చింది. అయినా మొగుడు అడిగాడని రెండు రోజులు రవిక లోపల పెట్టుకుని తెచ్చాను. గేటు దాటేటప్పుడు కొంగు నిండుగా కప్పుకుని, మేస్త్రీ వైపు చూడకుండా నడిచేదాన్ని. ఇంట్లో ఆయన అవి ఒక నోటు పుస్తకంలో గంజితో అంటించేవాడు. నేను దగ్గరికి వెళితే టక్కున మూసేసేవాడు. చదువుకునేవాడు మూస్తాడా? ఆ రెండో రోజు సాయంత్రమే బస్టాండు పక్క టీ కొట్టులో ఆయనను చూశాను. జేబులో పెన్ను పెట్టుకున్న ఒక షర్టు మనిషికి నా లేబుళ్లు ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. ఆ మనిషి వేలు పెట్టి ఏదో చెబుతున్నాడు. ఇంకేముంది, బేరం అనుకున్నాను.

అడిగితే నిజం చెబుతాడా? అందుకే అడగలేదు. మూడో రోజు నుంచి ప్రతి లేబుల్‌నూ నిట్టనిలువునా మధ్యకు చింపాను. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగులో సంతకం వచ్చు. బొమ్మ మాత్రం అర్థమవుతుంది. కుడిపక్క పుర్రె, బొక్కల బొమ్మ ఉండేది. ఆ బొమ్మ లేకుండా దొంగ లేబుల్ చెల్లదని నా లెక్క. బొమ్మ ఉన్న సగం సంచిలో దాచి, అక్షరాలు మాత్రమే ఉన్న ఎడమ సగం ఆయనకు ఇచ్చేదాన్ని. "చినిగిందా?" అనేవాడు. "చినిగింది" అనేదాన్ని. నా చేతిలో లేబుల్ చినగదని ఆయనకూ తెలుసు. ఇద్దరం మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టేవాళ్లం.

ఆదివారం మధ్యాహ్నం పెట్టె తెరిచి ఆ పుస్తకం మా పిల్ల చేతికి ఇచ్చాను. ఇచ్చేముందు, "ఏమున్నా గట్టిగ సదువకు, పక్కింటోల్లు ఇంటరు" అన్నాను. అది రెండు పేజీలు తిప్పి నవ్వింది.

"పెద్దమ్మా, పెద్దనాయిన మాటలకు ఇంటిపేర్లు రాసుకున్నడు!"

మా వైపు కొత్త మనిషి కనబడితే ముందు అడిగేది ఇంటిపేరే. పెళ్లిలో ఒకే ఇంటిపేరు వాళ్లను ఒకే బంతిలో కూర్చోబెడతాం. గోదాంలో డ్రమ్ములు సర్దమంటే మా ఆయన కూడా అట్లాగే చేశాడట. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, మొదటి ముక్క కలిసిన డ్రమ్ములన్నీ అన్నదమ్ములని పక్కపక్కన నిలబెట్టాడు. కంపెనీలో పద్ధతి దానికి తలకిందులట. ఒకేలా కనిపించే పేర్లను దూరం దూరం పెట్టాలట. సోడియం నైట్రేట్ అడిగితే పక్కనున్న సోడియం నైట్రైట్ మందు కలిపే చోటికి వెళ్లింది. పోసేముందు కెమిస్టు సారు ఇంకొకసారి చదివాడు కాబట్టి సరిపోయింది. లేబుల్ చివరిదాకా చదవడం వచ్చేవరకు గోదాంలో అడుగు పెట్టొద్దని మా ఆయనను బయట లోడింగు పనికి వేశారు. ఇదంతా పుస్తకం మొదట్లో రాసి ఉంది. నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఎండలో బస్తాలు మోసి వచ్చి, గోదాంలో ఫ్యాను గాలికి కూర్చుని వచ్చినట్టు నటించేవాడు. టీ కొట్టు దగ్గర సారు పాఠం చెబుతాడనీ రాసుకున్నాడు; నేను చూసిన షర్టు మనిషి ఆ కెమిస్టు సారే.

మా పిల్ల చదువుతూ పోయింది. "హైడ్రో, నీళ్ల ఇంటిపేరు. డై అంటే రెండు, సచ్చుడు గాదు, భయపడొద్దు. ఇన్ అంటే కాదు అని సారు జెప్పిండు. గాని మంట బొమ్మ డ్రమ్ము మీద ఇన్‌ఫ్లేమబుల్ అని ఇన్ ఉన్నా అంటుకుంటది. నమ్మొద్దు." పేజీకొక్క 'నమ్మొద్దు' ఉంది. మా ఇంట్లో అనుమానం నాకొక్కదానికే ఉందనుకున్నాను.

నిండు లేబుళ్లు మొదటి రెండు పేజీల్లోనే. తరువాత అన్నీ సగాలు. కుడిపక్క ఖాళీ వదిలి, అక్కడ పెన్సిలుతో ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉంది. మా పిల్ల సంచిలోంచి పడ్డ ముక్కలన్నీ వాకిట్లో పరిచి జత చేయడం మొదలుపెట్టింది. రెండు ఎడమ సగాల దగ్గర ఆగి, "పెద్దమ్మా, గీ రెండు అచ్చం ఒక్కతీరు ఉన్నయి. తేడా అంతా ఆఖరుకే ఉన్నది" అంది. ఆఖరు నా సంచిలో ఉంది. ఏది నేర్చుకుంటే ఆయనకు గోదాం తిరిగి దొరికేదో, దాన్నే నేను చింపి దాచాను.

చిట్టచివరి పేజీలో లేబుల్ లేదు. తెలుగులో ఒక్క వరుస ఉంది. అది చదివింది: "ఇంకో సగం ఆమె తాననే ఉన్నది. పారెయ్యది. నమ్మకం కుదిరినంక ఇస్తది." నాకు నమ్మబుద్ధి కాలేదు. పెద్దమ్మ ఏడుస్తుందని ఈ పిల్ల అల్లి చెబుతోందేమో! "నిజంగ ఉన్నదా, నాకోసం సదివినవా?" అని పుస్తకం గుంజుకున్నాను. 'ఆమె' అని చదివిన చోట ఉన్నది నా పేరు. పెద్దవాళ్ల పేరు పలకడం బాగుండదని మార్చిందట. సంతకం వచ్చినదాన్ని, నా పేరును పోల్చుకోవడానికి నాకు ఎవరి సాయం అక్కరలేదు.

ముక్కలన్నీ గంజితో అంటించాం. ఒక సగం పుస్తకంలో, ఒక సగం సంచిలో నాలుగేళ్లు విడివిడిగా ఉన్నా, కాలం రెండింటినీ ఒకే పసుపు రంగుకు తెచ్చి పెట్టింది.

ఇగ రాసుడు ఆపు బిడ్డా. మొదటి నుంచి సదువు, ఒక్క ముక్క ఇడవకు. గా ముందుగాల ఆయన అడిగిన మాట ఉన్నది సూడు, గది మాత్రం రెండుసార్లు సదువు.