తీసేసిన నాలుగు లైన్లు

ఆ నాలుగు లైన్లు తీసేయమన్నది నేను. సోములు కాదు.

ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. వార్తలు రాయడమే పనిగా బతికినవాణ్ణి, ఎవరు ఏం చేశారో ఒక్క వాక్యంలో చెప్పడం నా వృత్తి. ఈ ఒక్క వాక్యం మాత్రం గొంతులో అడ్డంపడి ఉండిపోయింది. గొంతు అనే మాట ఇక్కడ నేను వాడకూడదేమో. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్న రోజులవి. విశాఖపట్నంలో ఒక చిన్న దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. ఆదివారం పేజీ నా చేతిలో ఉండేది. అందులో ఒక వంటల శీర్షిక, దాని కింద ఒక ఆడపేరు. అలాంటి మనిషి ఎవరూ లేరు. ఆ పేరుతో రాసేది నేనే. పాఠకులు అక్కా అని ఆప్యాయంగా ఉత్తరాలు రాసేవారు. నాకు సరదాగా ఉండేది.

ఒకసారి ఏదో వార్త కోసం పోర్టులో ఒక విదేశీ ఓడ ఎక్కాను. ఆ ఓడ వంటవాడు పచ్చి క్యాబేజీ, దోసకాయ ముక్కల మీద ఎర్రటి పులుసులాంటిది పోసి పెట్టాడు. పొగ వాసన, కారం, పులుపు. ఇంటికొచ్చాక కూడా నాలుక మరిచిపోలేదు. రెండు మూడు ఆదివారాలు కుంపటి ముందు కూర్చుని నాకు తోచినట్టు చేసి చూశాను. ఎండుమిరపకాయలు నిప్పుల మీద నల్లబడేదాకా కాల్చాలి. వెల్లుల్లిపాయను పొట్టుతోనే నిప్పుల్లో మగ్గబెట్టాలి. రెండూ ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి రోట్లో నూరి, నువ్వుల నూనె, వెనిగర్ కలపాలి. గిన్నె మధ్యలో ప్రమిద, ప్రమిదలో నిప్పుకణిక, దాని మీద చుక్క నూనె. పొగ లేవగానే మూత. కాసేపాగి తీస్తే ఓడలో తిన్నదే.

వెనిగర్ విషయం ఒకటి చెప్పాలి. తయారు సీసా మా ఊళ్లో అన్ని కొట్లలో దొరికేది కాదు. వెనిగర్ కావాలంటే చాలాచోట్ల చిక్కటి యాసిడ్ ఇచ్చేవారు. అది ఇంటికి తెచ్చి బోలెడు నీళ్లలో కొద్దిగా కలుపుకోవాలి. ఆ సంగతి నాకు తెలుసు, మా ఇంట్లో నేనే కలిపేవాణ్ణి. అందుకే వ్యాసం చివర రాశాను: వెనిగర్ పేరుతో కొట్లో ఇచ్చేది చిక్కటి యాసిడ్ కావచ్చు, నీళ్లు కలపకుండా నాలుకకు తగలనివ్వకండి అని. అచ్చులో అది నాలుగు లైన్లు.

వ్యాసం మొదట్లో ఇంకొకటి రాశాను. ఓడ డెక్కు మీద నిలబడితే వీచే గాలి, ఆ గాలిలో ఉప్పు, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను. మధ్యలో మరో వాక్యం: ‘ఘాటు ముక్కును బద్దలు కొట్టినా భయపడకండి, దీని అందమంతా అదే.’ ఇది కూడా నాకు నచ్చిన వాక్యమే.

పేజీ కట్టే మధ్యాహ్నం సోములు పిలిచాడు. సోములు మా కంపోజిటర్. భీమిలి వైపు పల్లె నుంచి వచ్చినవాడు. వరస ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు.

“నాలుగు లైన్లు ఎక్కువొచ్చీసినాయి బావా. ఏటి తీసీమంటావు?”

“చివరివి తీసెయ్.”

“సివరివెందుకు? పైనున్న సముద్రం గాలి తీసీద్దుం. గాలిని ఎవులైనా నంజుకుంటారేటి?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

“నువ్వు అక్షరాలు పేర్చు సోములూ. ఏది ఉండాలో నేను చూసుకుంటాను.”

“అలగే బావా. నీ గాలి నీకే ఉంచుతాను.”

చివరి నాలుగు లైన్లలో ఏముందో ఆ క్షణంలో నాకు గుర్తులేదా? ఉంది. గుర్తుండీ, ఆ మాత్రం అందరికీ తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. నిజానికి అంత కూడా అనుకోలేదేమో. ఒక కంపోజిటర్ నా వాక్యాన్ని చూసి నవ్వాడన్నది తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఆదివారం పేజీ వెళ్లింది. ఆ వారంలోనే ఒకతను ఆఫీసుకు వచ్చాడు. పెందుర్తి నుంచి. పోర్టులో కళాసీ. సంచిలోంచి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టాడు. మూత సరిగా లేదు. గదంతా పొగ వాసన, దాని వెనకే ముక్కును కోసే ఘాటు.

“మీ అక్క రాసినట్టే సేసిందండి మా ఇంటిది. ఘాటుకి భయపడొద్దని రాసినారు గదా. నాకెట్టే ముందల తను గరిటెడు నోట్లో ఏసుకుంది. ఇప్పుడు నీళ్లు కూడా దిగట్లేదండి. ఆస్పత్రిలో ఉంది.” గొంతు పెంచలేదతను. “ఆ అక్కనోపాలి పిలవండి. ఏటి పోసి సేత్తారో అడుగుతాను.”

“ఆవిడ ఆఫీసుకి రారు,” అన్నాను.

అతను సీసా తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె పేరు నేను అడగలేదు.

ఎడిటర్‌కు విషయం తెలిసింది. నా రాతప్రతి తెప్పించి చూశారు. అందులో ఆ వాక్యాలు ఉన్నాయి, పేజీలో లేవు. సోములును పిలిచి ఎందుకు లేవని అడిగారు. సోములు నా వైపు చూశాడు.

“బావ సెప్తాడండి,” అన్నాడు.

నమ్మకంగానే అన్నాడు. నేను ఎడిటర్ బల్ల వైపు చూస్తూ, “కంపోజింగులో జారిపోయి ఉంటాయండి,” అన్నాను.

సోములు వేళ్లకున్న సిరా చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రానికి అతనికి ఉద్యోగం లేదు.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. నిజం ఒప్పుకుంటే, సముద్రం గాలిని ఉంచుకోవడానికి ఆ లైన్లు తీయించానని నోటితో చెప్పాలి. సోములు వేళాకోళం ఎడిటర్ గదిలో నేనే మళ్లీ చెప్పాలి. ఆ సిగ్గు కోసం ఒక మనిషి అన్నం తీసేశాను. ఇంత చిన్న కారణమా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. వెతికితే ఇంతకన్నా పెద్దది దొరకడం లేదు.

సవరణ వేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఎడిటర్ వద్దన్నారు. కానీ పేజీ నా చేతిలోనే ఉంది కదా. మరుసటి ఆదివారం ఏదో ఒక మూల ఆ నాలుగు లైన్లు ఇరికించడం నాకు చేతకాని పని కాదు. అదే చోట కాకరకాయ వేపుడు వేశాను. కింద అదే ఆడపేరు.

ఆమె బతికిందని ఎవరో చెప్పారు. గొంతు మూసుకుపోయి గంజి కూడా కష్టంగా దిగుతోందని మరొకరు చెప్పారు. పెందుర్తి బస్సు మా ఆఫీసు ముందు నుంచే వెళ్లేది. ఒక్కసారీ ఎక్కలేదు.

సోములును మాత్రం మళ్లీ చూశాను. ఉక్కు ఫ్యాక్టరీ పనులు చూపిస్తామని పత్రికలవాళ్లను తీసుకెళ్లారు. సిమెంటు బస్తా దించి నడుం పట్టుకుని నిలబడ్డవాడు సోములు. కనురెప్పల మీద కూడా సిమెంటే. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

“ఏటి బావా, ఇక్కడి గాలి మీద కూడా రాత్తావేటి?”

నేనూ నవ్వాను. చుట్టూ తోటి విలేకరులున్నారు, నవ్వడం తప్ప ఏం చేయను అనుకున్నాను. ఇప్పుడు చెప్పగలిగిన మాట అప్పుడూ చెప్పగలిగేవాణ్ణి. తర్వాత అతను ఎక్కడికి వెళ్లాడో తెలియదు.

క్షమించమని ఎవరిని అడగాలి? వాళ్లిద్దరూ ఇది చదువుతారన్న ఆశ లేదు. రాసినంత మాత్రాన తప్పు తగ్గదని తెలుసు. ఆ మాట నా లోపలి నుంచి బయటికొచ్చింది, అంతవరకే నాకు ఊపిరి ఆడుతోంది.

ఆ పత్రిక మూతపడింది. అయితే మా పాఠకులకు ఒక అలవాటుండేది. నచ్చిన వంటను కత్తిరించి వంటింటి అలమరలో పరిచిన కాగితం కింద దాచుకునేవారు. అలా దాచుకున్నామని అక్కకు ఎందరో రాశారు. ఆ ఆదివారం ముక్క ఇప్పటికీ ఎన్ని ఇళ్లలో ఉందో నాకు తెలియదు. అందులో సముద్రం గాలి ఉంటుంది. ఆ నాలుగు లైన్లు ఉండవు.