ఆ జపాన్ డిస్కులు ఎవరివంటే

పదకొండేళ్లుగా ఇల్లు మారినప్పుడల్లా ఒక అట్టపెట్టెను మోస్తున్నాను. పెట్టె తేలికే. బరువు నాది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అందులో ఉన్నవి డెబ్బైల నాటి జపాన్ సినిమాలు. చౌకగా, హడావుడిగా, రక్తాన్నీ ఒంటినీ చూపించి టిక్కెట్లమ్ముకోవడానికి తీసినవి. అట్టల మీద అరకొర బట్టల్లో కత్తి పట్టిన ఆడవాళ్లు. కథ దాదాపు ఒకటే: అన్యాయమైపోయిన మనిషి ఏళ్ల తరబడి కాచుకుని, ఒక్కొక్కణ్ణీ వెతికి పగ తీర్చుకుంటుంది. వాటిలో కళ ఉందని వాదించేవాణ్ణి, నాతో నేనే. ఆదివారాలు గుళ్లో పిల్లలకి శతక పద్యాలు నేర్పే మాస్టారిని మరి.

అప్పట్లో అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్లో శ్రీధర్, నేను ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వాడికో సంబంధం వచ్చింది. అమ్మాయితో మూడు వారాలుగా ఫోన్లో మాట్లాడుతున్నాడు. గిన్నెలు తోముతూ కూడా నవ్వుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం అమ్మాయి బాబాయి ఇటు ఏదో పనుండి వచ్చానంటూ దిగారు. పెళ్లికొడుకు ఇల్లు చూసిపోవడమే ఆ పని అని ముగ్గురికీ తెలుసు. ఇంట్లో పాలు లేవు. శ్రీధర్ కార్ తీసుకుని పరిగెత్తాడు.

ఆయన హాల్లో నా సినిమాలున్న షెల్ఫ్ దగ్గర ఆగారు. ఒక డిస్క్ తీసి, చూసి, చటుక్కున తిరగేశారు. వెనకవైపు ఇంకా ఘోరం.

"ఇవెవరివి బాబూ?"

"శ్రీధర్‌వి అంకుల్."

అంత తేలిగ్గా వచ్చింది.

శ్రీధర్ వచ్చి, అల్లం దంచి టీ పెట్టాడు. ఆయన సగం తాగి లేచారు. వారానికి జాతకాలు కలవలేదని కబురొచ్చింది. వాడు నమ్మాడు. గుళ్లో గ్రహశాంతి చేయించుకున్నాడు. తొమ్మిది గ్రహాలకీ శాంతి జరిగింది. పదో గ్రహం పక్కనే కూర్చుని పులిహోర తిన్నది.

ఎందుకన్నాను? మాట గుడిదాకా పోతుందన్న భయమా? సరే, ఆ క్షణానికి భయం అనుకుందాం. మరి వాడు పాలు తెచ్చేలోపు ఇరవై నిమిషాలు, కబురొచ్చేలోపు ఏడు రోజులు, ఆ తర్వాత ఇన్నేళ్లు, వీటన్నిటికీ ఏం పేరు పెట్టుకోను?

శ్రీధర్ ఇంకా పెళ్లి చేసుకోలేదు. పండగలకి ఫోన్ చేస్తాడు. తన జాతకమే అంతని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.

ఆ సినిమాల్లో ద్రోహం చేసినవాడు ఎక్కడున్నా దొరుకుతాడు. నన్ను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. వాడికి చెప్తానా? తెలియదు. అలసిపోయాను. ఇవాళ మాత్రం పెట్టె విప్పి, డిస్కులన్నీ హాల్లో షెల్ఫ్ మీద పెట్టాను.

ఎవరూ అడగలేదు. అయినా చెప్తున్నాను. అవి నావి.