ముందు బ్రేకు అరిగిన బండి

ఆ రోజు పొద్దున మెకానిక్ నాలుగు బళ్ల బ్రేకులు విప్పాడు. నాలుగింటికీ వెనక ప్యాడ్లు అరిగి ఇనుము తేలింది. ముందువి కొన్ననాటిలాగే ఉన్నాయి. నాలుగో బండి సొంత కోడలిది.

ముప్పై ఏళ్లుగా చూస్తున్నది ఇదే. పడ్డ బండి షెడ్డుకొస్తే ఆయన సొట్టల జోలికి పోడు, ప్యాడ్లు విప్పుతాడు. ఉన్నట్టుండి ఏదైనా అడ్డొస్తే మనిషికి బుర్ర పనిచెయ్యదు, కాలు పనిచేస్తుంది. రోజూ తొక్కేదాన్నే ఇంకా గట్టిగా తొక్కుతుంది. వెనక చక్రం బిగుసుకుని జారుతుంది. కళ్లు అడ్డొచ్చినదానికే అతుక్కుపోతాయి. కళ్లెటో బండీ అటే.

కోడలు ఆసుపత్రుల నుంచి రక్తం సీసాలు ల్యాబుకు చేరవేస్తుంది. రెండు నెలల కిందట కుక్క అడ్డొచ్చి పడింది. పెట్టెలో సీసాలన్నీ పగిలాయి, మోచెయ్యి చిట్లింది. అది అతికేదాకా బండి ఇంట్లోనే ఉంది. ఇంకోసారి సీసాలు పగిలితే బండి పని మరొకరికిచ్చి ఆమెను కౌంటర్లో కూర్చోబెడతానని మేనేజరు తేల్చేశాడు. రోజంతా కుర్చీలో కూర్చోవడమంటే ఆమెకు కాళ్లు కట్టేసినట్టే.

"ముందు బ్రేకు ఎందుకు పట్టుకోవమ్మా?"

"పట్టుకుంటే ఎగిరి ముందుకు పడతామట మావయ్యా."

"ఎవడు చెప్పాడలా?"

"మీ అబ్బాయే. నాకు బండి నేర్పింది ఆయనేగా."

మెకానిక్ పానా తుడిచి పక్కన పెట్టాడు. దీపం కిందే చీకటి.

మర్నాడు పొద్దున ఆరున్నరకి షెడ్డు వెనక సందులో సుద్దతో గీత గీసి, దాని అవతల పాత ఆయిలు డబ్బా పెట్టాడు. "గీత దగ్గర రెండు బ్రేకులూ పట్టు. ముందుది గభాల్న లాగకు, నిమ్మకాయ పిండినట్టు పిండు. డబ్బా వంక చూడకు. పక్కనున్న ఖాళీ చూడు."

ఆమె డబ్బానే చూసింది. మూడుసార్లు గుద్దింది.

పక్క కొట్టు కిటికీలోంచి దర్జీ నవ్వాడు. "ఆ డబ్బా నీకేం అపకారం చేసిందమ్మా?"

"మీరొచ్చి దాని పక్కన నిలబడండి బాబాయ్, చెప్తాను."

రోజుకు పదిసార్లు. నెల తిరిగేసరికి డబ్బాకు కొత్త సొట్టలు పడటం ఆగింది. దర్జీ కూడా కుట్టు ఆపి చూడటం మానేశాడు.

ఒక మధ్యాహ్నం, సన్నటి వాన. ముందు వెళ్తున్న లారీలోంచి పెద్ద చెక్క జారి రోడ్డు మీద అడ్డంగా పడింది. ఆమె వేళ్లు వాటంతట అవే పిండాయి. బండి జారకుండా నెమ్మదించింది. చెక్కకూ కాలిబాటకూ మధ్య మూరెడు ఖాళీ. బ్రేకు వదిలి అందులోంచి దాటిపోయింది. ల్యాబులో మేనేజరు పెట్టె తెరిచి లెక్కపెట్టాడు. పదకొండు సీసాలు, పదకొండూ నిక్షేపంగా ఉన్నాయి.

"చెక్క ఎంత పొడుగుంది?" అని సాయంత్రం మామ అడిగాడు.

"ఏమో మావయ్యా. నేను చూస్తేగా!"

ఆయన "ఊఁ" అని ఊరుకున్నాడు. మర్నాడు పొద్దున దర్జీ తలుపు తియ్యకముందే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. "మా కోడలు, వానలో, నిండు పెట్టెతో..."

పదింటికల్లా దర్జీ విసుక్కున్నాడు. "ఇది నాలుగోసారి చెప్పడం."

"అయిదోసారి కూడా విను. అరిగిపోయేదేం లేదు."

ఆరు నెలలకు ఆమె బండి మళ్లీ సర్వీసుకొచ్చింది. ప్యాడ్లు కొలిచాడు. ముందువి రెండు మిల్లీమీటర్లు మిగిలాయి, వెనకవి మూడున్నర. కొత్తవి వేసి, అరిగిన ఆ ముందు ప్యాడ్లను గోడ మీది మేకుకు తగిలించి, కొడుకు బండి కూడా విప్పాడు. వెనక ఇనుము తేలింది, ముందువి కొత్తవాటిలా ఉన్నాయి.

"రేపు ఆరున్నరకి సందులోకి రారా," అన్నాడు కొడుకుతో. "నేర్పేది నేను కాదు, మీ ఆవిడ."