ఐగుప్తు అంబలి

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌వాళ్లు నన్ను చూస్తే ఇప్పటికీ గ్లాసులు బోర్లిస్తారు. ఎందుకో చెబుతాను. మీరు మాత్రం మంచినీళ్లు తాగుతూ వినండి.

అప్పట్లో నాకు రెండు పిచ్చులు. బైబిల్ కాలపు మనుషులు ఏం తిన్నారు, ఏం తాగారు, దేని మీద పడుకున్నారన్న ఆరా ఒకటి. గ్రేస్ రెండోది. వాళ్ల నాన్న డేవిడ్ అంకుల్ మౌత్‌వాష్ సీసాను కూడా అనుమానంగా చూసే మద్యవ్యతిరేకి. ఆయన మెప్పు పొందితే పెళ్లి మాట ఎత్తొచ్చని నా ఆశ.

ఇంతలో ఫెలోషిప్‌లో "బైబిల్ కాలపు విందు" పెట్టారు. బైబిల్లో ఐగుప్తు అనే ఈజిప్టు కూలీల రోజువారీ పానీయం గురించి నెట్‌లో వెతికాను. బార్లీ రొట్టె సగం కాల్చి, ఖర్జూరాలతో నీళ్లలో నానబెట్టి, వెచ్చగా ఉంచాలట. "ఓహో, మన అంబలే!" అని లాప్‌టాప్ మూసేసి, ఒక బకెట్ నిండా నానబెట్టాను. ఇంకో రెండు లైన్లు చదివి ఉంటే బాగుపడేవాణ్ణి.

నాలుగు రోజులకు రూమ్మేట్ కిరణ్ అరిచాడు. "అన్నా, బకెట్ బుడబుడమంటుంది!"

"పురాతన నాగరికత మేలుకుంటోందిరా."

"మూత ఎగిరి నా మీద పడ్డదన్నా! వాసన జూస్తే డౌటుగ ఉంది."

"నీకు చరిత్ర తెలీదు, ఊరుకో."

విందులో అంకుల్‌కే మొదటి గ్లాసు ఇచ్చాను, స్ట్రాతో సహా. "బబులోనులో పొట్టు నోట్లోకి రాకుండా గొట్టంతో తాగేవారంకుల్."

"వెరీ ఎడ్యుకేషనల్! కాస్త పుల్లగా ఉంది, ఒంటికి మంచిదే. ఇంకొంచెం పోయి బాబూ."

పోశాను. మళ్లీ అడిగితే మళ్లీ పోశాను. తర్వాత ఆయన మద్యపానం వల్ల కలిగే కీడు మీద ప్రసంగించడానికి లేచారు. "ప్రియులారా, మత్తు అనేది..." అని ఆగి, భార్య సరోజ ఆంటీ వైపు తిరిగారు. "సరోజా! నీ చేపల పులుసు ముందు సొలొమోను రాజు విందు బలాదూర్!"

ఆంటీ చేతిలోంచి గరిటె జారింది. గ్రేస్ గ్లాసు వాసన చూసింది.

"ఓ మై గాడ్, ప్రసాద్! ఇది బీర్!"

"కాదు, అంబలి..."

"డాడీ డ్రంక్ ఉన్నారు! నేను డ్రైవ్ చేస్తా. నువ్వు మాట్లాడకు!"

నా పెళ్లి ఐగుప్తులోనే సమాధి అయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అంకుల్ ఫోన్. "తెలిసే చేశావా బాబూ?"

"లేదంకుల్. పేజీ చివరిదాకా చదవలేదు. క్షమించండి."

ఆయన గొంతు తగ్గించి, "ఆ కూలీలు నిజంగా రోజూ తాగేవారా?"

"రోజూ అంకుల్. జీతంలో భాగంగా ఇచ్చేవారట."

"జీతంలోనా!"

ఆంటీ ఫోన్ లాక్కుంది. "బాబూ, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా వంటను మెచ్చుకోవడం ఇదే మొదలు. శనివారం భోజనానికి రా, గ్రేస్ విషయం మాట్లాడదాం. ఆ బకెట్లో ఏమైనా మిగిలిందా?"

అందుకే సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఏ నాగరికతనైనా చదివి, కళ్లకద్దుకుని, అక్కడితో వదిలేస్తాను. నానబెట్టను గాక నానబెట్టను.