పిన్ని ఊపిరాడడం లేదన్న ఉదయం

మా పిన్ని పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసేసరికి నేను డల్లాస్ పక్కనున్న కాపెల్‌లో కూరగాయల కొట్టు పార్కింగ్‌లో, కారు డిక్కీలో సంచులు సర్దుకుంటున్నాను.

"అక్కా, అమ్మ పోయింది. మార్నింగ్ లేవలేదు," అన్నాడు. డల్లాస్‌లోనే పుట్టి పెరిగినవాడు, వాడి తెలుగు మామూలుగానే ముక్కలుముక్కలుగా ఉంటుంది. ఆ రోజు రెండు ముక్కలతో ఆగిపోయింది.

"ఎవరు చూశారు?" అన్నాను.

అనేశాక తెలిసింది, ఆ మాట పిన్నిదని. ఎవరు ఏ కబురు చెప్పినా ఆమె ముందు అడిగేది అదే. ఫలానావాళ్ళకి షుగర్ తగ్గిందట పిన్నీ అంటే, "ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు?" అనేది. వాడు, "నేనే చూశానక్కా. నేనే లేపాను," అన్నాడు. అప్పుడు నమ్మాను.

ఆమె మా అమ్మకు ఆఖరి చెల్లెలు. గుంటూరులో నర్సింగ్ చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా డల్లాస్‌లో ఒక ఆసుపత్రిలో గుండె జబ్బుల వార్డులో పనిచేసింది. మన తెలుగు సంఘంలో ఆమెను ఎరగనివారు తక్కువ. ఆదివారం ఆరాధన అయ్యాక "వందనాలండీ" అంటూ అందరినీ పలకరించేది. కళ్ళు మాత్రం ఎదుటివాళ్ళ పాదాల మీద ఉండేవి. వాపు ఉందేమోనని. పాల డబ్బా మీద తేదీ చదివేది, చదివి వాసన చూసేది, చూసి ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. డాక్టర్ రాసిచ్చిన మందు చీటీ అయినా సరే, దొంగ డాక్టర్ రాశాడన్నంత అనుమానంగా చదివేది. "'బానే ఉన్నా' అన్నవాళ్ళని ముందు చూడాలే. అరిచేవాళ్ళు ఎలాగూ బతికే ఉంటారు," అని నాతో ఎన్నిసార్లు అన్నదో.

ఆమె గురించి మీలో చాలామందికి తెలిసిన కథ ఒకటుంది. నేను ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి వెళ్తుంటే తానూ వెంటపడి వచ్చి, దారిలో ఊపిరాడక, నా ప్రయాణం చెడగొట్టిన కథ. ఆమే చెప్పుకుని నవ్వేది. మొన్న ఆమె శవపేటిక ముందు నిలబడి నేనూ అదే చెప్పాను. ఆ కథ సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందటి మాట. ఆ ఏడు నా పెళ్ళి కోర్టు కాగితాలతో ముగిసింది. ఆరు నెలలు తిరక్కుండా ఉద్యోగం పోయింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదమూడేళ్ళ పని, పావుగంట వీడియో కాల్‌లో తేల్చేశారు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఒకరోజు అమ్మతో ఫోన్లో అన్నాను, అక్టోబరులో హిమాలయాలకి వెళ్తున్నానని. అమ్మ ఏడ్చింది. ఆ సాయంత్రమే పిన్ని మా ఇంటికి వచ్చింది.

"నేనూ వస్తానే."

"నీకు అరవై ఒకటి పిన్నీ."

"కాళ్ళకి వయసు తెలియదులే. బుక్ చేయి."

నాకు వెంటనే అనుమానం వచ్చింది. అమ్మే పంపింది, కాపలాకి. ఆ మాటే అడిగితే, "మీ అమ్మ చెబితే నేనెప్పుడు విన్నాను?" అంది. అది నిజమే. నా అనుమానం మాత్రం పోలేదు.

డల్లాస్ నేల అరచేయిలా చదును. ఎక్కడానికి ఒక గుట్ట కూడా లేదు. పిన్ని తన ఆసుపత్రి పార్కింగ్ గ్యారేజీ మెట్లు ఎక్కేది. ఆరు అంతస్తులు, వీపు సంచిలో ఇరవై పౌండ్ల సోనామసూరి బియ్యం బస్తా. డ్యూటీ అయ్యాక అదే యూనిఫాంలో, నాలుగు నెలలు. వాచ్‌మన్ రెండుసార్లు ఆపి సంచిలో ఏముందో చూపించమన్నాడట. "మంచివాడు. అనుమానించాల్సిందే," అని మెచ్చుకుంది.

కాఠ్మాండూలో మా గైడ్ కలిశాడు. యాభై ఏళ్ళ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. అందరూ ఆయన్ని ఎన్నిసార్లు పైకి వెళ్ళారని అడుగుతారు. పిన్ని, "ఎంతమందిని కిందికి దించావు తమ్ముడూ?" అని హిందీలో అడిగింది. ఆయన ఆమె ముఖం వంక చూసి, ఒక్కొక్కరి గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరికీ అప్పుడే కుదిరింది.

నడక మొదలయ్యాక ఆమె కళ్ళు నన్ను వదల్లేదు. భోజనం కాగానే వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టేది. అంకె నాకు చూపించకుండా తిప్పుకునేది. నేను అన్నం ఎంత వదిలానో చూసేది. నామ్చే అనే ఊరు దాటాక కొత్త అలవాటు మొదలైంది. "ఈ రాయి నుంచి ఆ రాయి దాకా నిదానంగా నడువు, మడమకి వేళ్ళు ఆనించి అడుగు ముందు అడుగు వేసుకుంటూ. ఫోటో తీస్తా," అనేది. మూడోసారి నేను చటుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఫోన్ నా వైపే పట్టుకుంది గానీ తెర నల్లగా ఉంది. కెమెరా ఆన్ చేయనేలేదు.

"ఏం చూస్తున్నావు పిన్నీ?"

"కొండల్ని."

అప్పట్నుంచి నేనూ ఆమెను అనుమానించడం మొదలుపెట్టాను. నన్ను ఆపడానికి సాకు వెతుకుతోందనుకున్నాను. గైడ్‌తో వెనకబడి నడుస్తూ మాట్లాడితే, నా గురించేననుకున్నాను. తలనొప్పి మొదలైన రోజు ఆమెకు చెప్పలేదు. మాత్రలు సాక్సులో దాచుకుని, నీళ్ళ సీసా నింపుకునే నెపంతో మింగేదాన్ని. లొబుచే చేరే ముందు ఒక బండరాయి చాటుకి వెళ్ళి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, చిరునవ్వు పెట్టుకుని వచ్చాను.

"ఏమే, ముఖం అలా ఉంది?"

"బానే ఉన్నా."

ఆమె ఇంకేమీ అనలేదు. అలా ఊరుకోవడం ఆమె స్వభావం కాదు. నేనప్పుడే జాగ్రత్తపడాల్సింది.

లొబుచే అంటే నాలుగైదు రాతి బసలు, గాలి, బూడిదరంగు. మర్నాడు నడిస్తే బేస్ క్యాంప్. సాయంత్రం నేను టీ కోసం వంటగదిలోకి వెళ్ళేసరికి పిన్ని, గైడ్ పొయ్యి దగ్గర తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు. గైడ్ పొయ్యిలోకి చూశాడు. పిన్ని, "అల్లం వేయమంటున్నా," అంది. టీలో అల్లం లేదు.

తెల్లవారాక నేను బూట్లు వేసుకుంటుంటే ఆమె మంచం మీద కూర్చుని ఛాతీ పట్టుకుంది.

"నాకు ఊపిరాడడం లేదే. నేను పోలేను. కిందికి దించండి."

"గైడ్ దించుతాడు నిన్ను. నేను వేరే గ్రూప్‌తో పోతాను."

"నన్ను వదిలేసి పోతావా?"

"పిన్నీ, ఒక్క రోజు! ఒక్క రోజు నడిస్తే అయిపోతుంది!"

"ఊపిరాడటం లేదంటుంటే రోజులు లెక్కపెడతావేంటే?"

ఆ గదిలో నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. ముసలితనంలో నీకెందుకీ సరదా అన్నాను. నా బతుకులో ఒక్కటి, ఒక్కటైనా పూర్తి కానివ్వరా అన్నాను. ఆమె తల వంచుకుని తన దుప్పటి మడతపెట్టింది.

దిగుతుంటే నా చేయి పట్టుకుంది. "ఆసరా ఇవ్వవే, పడిపోతా," అంది. రెండుసార్లు రాళ్ళలో కాలు మడతపడి ముందుకు తూలింది నేను. రెండుసార్లూ ఆమె చేయి కదల్లేదు. రోగిని బాత్రూమ్‌కి నడిపించే నర్సు పట్టు అది, మోచేతి కింద గట్టిగా. ఆ పట్టు అప్పుడే నాకు తెలిసింది. కోపంలో ఉన్నాను కాబట్టి తెలియనట్టు నడిచాను.

మధ్యాహ్నానికి ఫెరిచే అనే ఊరు చేరాం. మెట్టు మెట్టుకీ నా తల మీంచి బరువేదో దించుతున్నట్టు అయ్యింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి కిటికీ అంచులు తిన్నగా కనిపించాయి. ఎదురుగా ఊపిరాడని మనిషి పప్పన్నం రెండోసారి వడ్డించుకుంటోంది.

"ఆకలేసిందా?" అన్నాను.

"కిందికొస్తే వేస్తుందిలే."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అడగాల్సిన క్షణం అదే. నేను పళ్ళెంలోకి చూశాను.

తిరిగి వచ్చాక సంఘంలో ఒకటే ఆటపట్టించడం. "ఏం సిస్టర్, ఎవరెస్ట్ మిమ్మల్ని చూసి పారిపోయిందటగా?" అని. ఆమె అందరికంటే గట్టిగా నవ్వేది. "నా ఊపిరితిత్తులు పాత డీజిల్ బండి అయిపోయాయండీ. పాపం, దీని ట్రిప్ చెడగొట్టా," అని నన్ను చూపించేది. నేను పక్కన నిలబడి, పర్లేదులే అన్నట్టు ముఖం పెట్టేదాన్ని. త్యాగం చేసినదాని ముఖం.

తర్వాత ఒక ఆదివారం పాస్టర్‌గారు, "దేవుడు మిమ్మల్ని క్షేమంగా తీసుకొచ్చాడు కదా, సాక్ష్యం చెప్పండి," అని ఆమెకు మైక్ ఇవ్వబోయారు. మోకాలి నొప్పి తగ్గినా లేచి సాక్ష్యం చెప్పే మనిషి. ఆ రోజు తల అడ్డంగా ఊపి, పాటల పుస్తకం తెరిచి కూర్చుంది. పార్కింగ్‌లో పదిమందికి నవ్వుతూ చెప్పే కథ మైక్ ముందు ఎందుకు చెప్పదు? దేవుడి ఎదుట ఆమె అబద్ధమాడదని నాకు తెలుసు. పక్కనే కూర్చున్నాను. ఆమె పుస్తకం తెరిచిన పేజీలో ఆ రోజు పాడుతున్న పాట లేదు.

నా అనుమానం ఆ రోజే నిర్ధారణ అయింది. అయినా నాలుగేళ్ళు అడగలేదు. అడిగితే, ఆ కొండ ఎక్కలేకపోయింది ఆమె కాదు, నేనని తేలుతుంది. ఆమె ఓడిపోయిందన్న కథలో నాకు సుఖంగా ఉంది. ఆ ఏడాది ఓడని విషయం నాకు అదొక్కటే మిగిలింది.

కొత్త ఉద్యోగం దొరికి, కాస్త తేరుకున్నాక ఒకసారి అడగబోయాను. ఆమెను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. "పిన్నీ, ఆ రోజు లొబుచేలో నీకు నిజంగా..." అన్నాను.

"లెఫ్ట్ తీసుకో."

"జీపీఎస్ స్ట్రెయిట్ అంటోంది."

"అది చెప్పిందల్లా నమ్ముతావా? లెఫ్ట్ తీసుకో."

తీసుకున్నాను. దారి తప్పాం. పావుగంట తిరిగాం. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

భూస్థాపన రోజున నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. బియ్యం బస్తా గురించి చెప్పాను, అందరూ కన్నీళ్ళతోనే నవ్వారు. తర్వాత నోరు దానంతటదే ఆ కథలోకి వెళ్ళిపోయింది. డీజిల్ బండి అన్నాను. దీని ట్రిప్ చెడగొట్టా అనేదని చెప్పాను. పేటికలో ఆమె నోరు మూసుకుని ఉంది. నేను నా ఓటమిని ఇంకోసారి, ఆఖరిసారి, ఆమెకే అంటగట్టి వచ్చి కూర్చున్నాను.

మూడు రోజులకి గైడ్ ఫోన్ చేశాడు. పిన్నితో ఆయన నాలుగేళ్ళుగా వాట్సాప్‌లో మాట్లాడుతూనే ఉన్నాడని అప్పుడే తెలిసింది. ఆయన భార్య బీపీ మందులు కూడా ఆమె అడిగి చూసేదట. కాసేపు ఆమె మంచితనం గురించి చెప్పాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"లొబుచేలో ఆమెకి ఏమీ కాలేదు కదా?"

అటువైపు తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది.

"ఆమె ఉన్నంతకాలం చెప్పనని మాటిచ్చాను దీదీ," అన్నాడు. "ఫోటో తీస్తానని మిమ్మల్ని నడిపించింది ఎత్తులో వచ్చే జబ్బు పట్టుకుందేమో చూడడానికే. మీరు బండరాయి వెనకనుంచి వచ్చాక తూలుతూ నడవడం చూశారు. పొయ్యి దగ్గర నాతో, 'ఇది రేపు పైకి పోకూడదు, పోతే తిరిగి రాదు' అన్నారు. నేను చెబుతానన్నాను. వద్దన్నారు. చెబితే మీరు వినరట. విన్నా, ఇది కూడా చేతకాలేదని ఇంటికి మోసుకుపోతారట. 'ఈ ఏడాది దానికి తగిలినవి చాలు తమ్ముడూ. నాకు బాగాలేదని చెప్తా' అన్నారు."

"ఆమె ఎక్కగలిగేదా?"

"బాగా ఎక్కేవారు. ఆ వయసులో అంత శుభ్రంగా నడిచినవాళ్ళని నేను తక్కువ చూశాను."

గైడ్ మిగిలినది కూడా చెప్పాడు, అడగకుండానే.

ఫెరిచేలో మర్నాడు పొద్దున నేను ఇంకా నిద్రపోతున్నానట. ఆయన పిన్నితో అన్నాడట, అమ్మా, దీదీ ఇక్కడ విశ్రాంతి తీసుకుంటుంది, మనిషిని తోడు పెడతాను, మూడు రోజుల్లో మిమ్మల్ని బేస్ క్యాంప్‌కి తీసుకెళ్ళి తీసుకొస్తాను, అని. ఆమె వెంటనే కాదనలేదట. బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ బిగించి కట్టుకుందట. లేచి నిలబడిందట కూడా.

"తర్వాత, 'నేను ఎక్కితే దానికి తెలిసిపోతుంది' అన్నారు దీదీ."

బస వెనక యాకుల్ని, ఆ జడల బర్రెల్ని, కట్టే రాతిగోడ ఒకటుంది. అక్కడికి వెళ్ళి, బేస్ క్యాంప్ ఎటువైపు అని అడిగిందట. ఆయన చేయి చాపి చూపించాడు. ఆ పొద్దున బయలుదేరిన వాళ్ళంతా వరసగా లోయలో పైకి నడుస్తున్నారు, రంగురంగుల సంచులు వీపున వేసుకుని. గాలి బాగా ఉంది. పిన్ని గోడ మీద రెండు చేతులూ ఆనించి, ఆఖరి మనిషి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూసిందట. ఆ తర్వాత కూడా కాసేపు ఖాళీ దారిని చూస్తూ నిలబడిందట. అప్పుడు ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, నేను పడుకున్న గది తలుపు దాకా వచ్చి, బయటే ఆగి, రెండుసార్లు దగ్గి, లోపలికి వెళ్ళిందట.