నీలమ్మ ఇంట్లో నీళ్ల గిర్ని

రత్నమాలకు యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. పెద్దాపురం నుంచి వచ్చి మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ అకౌంట్స్‌లో కుదురుకుంది. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీ అన్నాక, హఫీజ్‌పేట్ పాత ఊళ్లో నీలమ్మ ఇంటి వెనక గది కిరాయికి తీసుకుంది. మూరెడు మందం రాతి గోడలు. ఎండాకాలం హాయిగా ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పొద్దుగూకేదాకా చెవిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు గానీ, తిన్నావా అని అడిగే గొంతు ఒక్కటీ ఉండదు.

మొన్నటి వానలకు గోడ చెమ్మెక్కి, మంచం కింద నీళ్లు ఊరాయి.

"జర ఆగమ్మా, పరేషాన్ గాకు. సాయిలును పిలుస్త," అంది నీలమ్మ.

మేస్త్రీ సాయిలు వచ్చి గచ్చు పెళ్లగించాడు. గోడ అడుగున రాతి కమాను బయటపడింది. దాని వెనక పూడిపోయిన కాలువ. నేలలో సగం దిగబడి బండి చక్రమంత గుండ్రటి రాయి, నడుమ బెజ్జం.

నీలమ్మ గడపలోనే చతికిలబడింది. "నీళ్ల గిర్ని! నేను కొత్త కోడలిగ వచ్చిననాడు తిరుగుతుండె. చెరువు తూము నీళ్లు గీ కాలువలకెల్లి వచ్చి చక్రాన్ని తిప్పుతుండె. జొన్నలు పట్టించనీకె వచ్చిన ఆడోళ్లంత గీ అర్రలనే కూసుంటుండ్రి. ఎన్ని ముచ్చట్లనుకున్నవ్!"

"ఈ గదిలోనేనాండి?" అంది రత్నమాల.

కబురు వాడంతా పాకి, చందానగర్ దాకా వెళ్లింది. ముసలమ్మలు ఒక్కరొక్కరే వచ్చారు. బాలవ్వ అనే ఆవిడ రాయి బెజ్జంలో వేలు పెట్టి, "మా అవ్వ గిండ్లనే గింజలు పోస్తుండె," అంటూ చాలాసేపు ఆ వేలు తియ్యలేదు. రత్నమాల సెలవు పెట్టి టీ మీద టీ కాచింది. వాళ్ల మాటలు సగం అర్థం కాకపోయినా, వాళ్లు నవ్వినప్పుడల్లా తనూ నవ్వింది.

ఊట మాత్రం ఆగలేదు. వారం తిరక్కుండా సాయిలు కమానుకు ఇటుకలు కట్టి, రాయి మీద సిమెంటు పోసి, టైల్స్ పరిచేశాడు.

"అలాగే ఉంచితే బాగుండేదేమోనండి," అని రత్నమాల నసిగింది.

"గోడ కూలితే నీకే కష్టమమ్మా," అన్నాడు సాయిలు. అదీ నిజమే.

ఇక ఎవరూ రాలేదు. రెండు మధ్యాహ్నాలు తలుపు బార్లా తీసిపెట్టి కూర్చుంది. పక్కింటివాళ్ల పార్సిల్ ఇవ్వడానికి ఓ డెలివరీ అబ్బాయి వచ్చి వెళ్లాడు, అంతే. ఆదివారం నీలమ్మను అడ్రసు అడిగి, చందానగర్‌లో కూతురి దగ్గరుండే బాలవ్వ ఇంటికి అరటిపళ్లు పట్టుకుని బయల్దేరింది.

"ఎవలు బిడ్డా?" అంది బాలవ్వ కళ్లు చికిలించి.

"రత్నమాలనండి. మొన్న మా గదికొచ్చారు కదా, టీ తాగారు..."

బాలవ్వకు గుర్తు రాలేదు.

"నీళ్ల గిర్ని ఉన్న గదండి."

"గిర్నా! గట్ల జెప్పు మల్ల. రా, కూసో!"

ఇక ఆగలేదు బాలవ్వ. కనురెప్పల మీద పడిన పిండి, వేడి పిండి వాసన, వంతు కోసం జరిగిన కొట్లాటలు అన్నీ చెప్పుకొచ్చింది. రత్నమాలది ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో అడగలేదు. రత్నమాల ఊఁ కొడుతూ కూర్చుంది. లేవబుద్ధి కాలేదు.

వెళ్లడానికి లేచినప్పుడు బాలవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి మల్ల ఆ రాయిని చూడాలె బిడ్డా. వస్త."

కప్పేశారని చెప్పబోయి ఆగింది రత్నమాల.

"రండి," అంది. "టీ పెడతాను."