నేను తెలుగులో చెప్పని మాట

1948 నవంబర్. పొద్దున ఆరుంబావుకి తాండూరు స్టేషన్‌లో దిగాం. ఎముకలు కొరికే చలి. మిలిటరీ వైద్యదళం తరఫున మేం నలుగురం: డాక్టర్ కెప్టెన్, వైర్‌లెస్ ఆపరేటర్, డ్రైవర్, నర్సింగ్ ఆర్డర్లీగా నేను. రెండు గుడారాలు, ఒక మైక్రోస్కోపు, ఆరు మందుల పెట్టెలు. స్టేషన్‌కు పడమట, నాపరాళ్లు పేర్చిన బయల్లో గుడారాలు వేశాం. ఎక్కడ చెయ్యి పెట్టినా రాతిదుమ్ము.

ఆర్డరు చిన్నది. ఆయాసంతో వచ్చేవాళ్లను చూడాలి. క్షయ ఉంటే అనంతగిరి దవాఖానకు పంపాలి. మిగతావాళ్లకు ఇక్కడే వైద్యం. కెప్టెన్‌ది కూర్గు, తెలుగు రాదు, మాతో ఇంగ్లిషే. మాది ఒంగోలు దగ్గర. జనంతో మాట్లాడే పని నాది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు.

ఐదోరోజు కుల్కచర్ల వైపు నుంచి ఎడ్లబండి వచ్చింది. బండిలో సాయమ్మ, ఇరవై ఏళ్లుంటాయేమో. తోలుతున్నది మొగుడు. అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక నడుస్తోంది.

"దీనికి క్షయ అయింది సారూ. ఊరు బయట గుడిసెల వెట్టినం," అంది అత్త. "పండుకుంటే దమ్ము ఆడ్తలేదు. తెల్లార్లు గోడకు ఆనుకొని కూసుంటది."

కెప్టెన్ అరగంట చూశాడు. పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది, పూడలేదు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. స్టెతస్కోపు నా చెవులకూ పెట్టాడు. ఊపిరితిత్తుల అడుగున బుడబుడ. గుండె దగ్గర సన్నటి గురగుర.

మూడురోజులు కఫం పరీక్షించాను. క్షయ క్రిములు లేవు. నాలుగోరోజు లారీలో వికారాబాద్ తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. మర్నాడు ఆపరేటర్ హెడ్‌ఫోన్ తీసి చెప్పాడు: "వికారాబాద్ నుంచి సార్. క్షయ లేదు. గుండె పెద్దదైంది."

"అనుకున్నాను," అన్నాడు కెప్టెన్. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చిందేమో అడగమన్నాడు. వచ్చిందట. దానివల్ల గుండెలో కవాటం ఇరుకైంది, నెత్తురు ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నిలుస్తోంది అని నాకు వివరించాడు.

నీరు తీసే ఇంజెక్షన్. గుండెకు బలమిచ్చే డిజిటాలిస్ మాత్ర రోజుకొకటి. ఉప్పు బంద్. పూటపూటా నాడి చూశాను. రెండోరోజుకి వాపు సగం తీసింది. మూడోరోజు మధ్యాహ్నం సాయమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. "పండుకున్నది సార్, పండుకున్నది," అని మొగుడు డ్రైవర్‌కి కూడా చెప్పొచ్చాడు. ఆ సాయంత్రం అత్త కోడలి పక్కన కూర్చుని తల దువ్వింది.

పంపేరోజు కెప్టెన్ అన్నాడు: "మాత్రలు మానొద్దు. ఉప్పు తినొద్దు. గర్భం రాకూడదు. వస్తే ఈ గుండె మోయలేదు. చెప్పు."

మొదటి రెండూ చెప్పాను. మూడోది నోటికి రాలేదు. పెళ్లికాని వాణ్ణి, ఎదురుగా ఆడవాళ్లు. అత్త అప్పుడే అంటోంది, "ఇగ ఒక్క మనుమడు పుడ్తె సాలు సారూ."

"చెప్పావా?"

"చెప్పాను సార్."

"మంచిగైతదా సార్?" అంది సాయమ్మ.

అవుతుందన్నాను.

మొగుడు నెలనెలా వచ్చి మాత్రలు తీసుకెళ్లేవాడు. ప్రతిసారీ చెబుదామనుకున్నాను. మాత్రలిచ్చి పంపేవాణ్ణి.

ఆగస్టు. మూడురోజులుగా ముసురు. మధ్యాహ్నం రెండున్నరకు అదే బండి వచ్చింది. సాయమ్మకు ఏడో నెల. పెదవులు నీలం. నోట ఎర్రటి నురుగు. అత్త విసనకర్రతో విసురుతుంటే, కూర్చోబెట్టి సూదులు వేశాం.

"అప్పుడు చెప్పావు కదా వీళ్లకి?" అన్నాడు కెప్టెన్.

"చెప్పాను సార్."

పక్కనే మొగుడున్నాడు. అతనికి ఇంగ్లిష్ రాదు.

మూడూ పదికి నాడి అందలేదు. టైము రాశాను. నాకేమీ అనిపించలేదు. సూదులు మరగబెట్టుకున్నాను.

సెప్టెంబర్లో గుడారాలు పీకేశాం. ఇంటికొచ్చాక అందరూ తుపాకుల గురించి అడిగారు. పేల్చలేదని చెప్పాను. అది నిజమే. మిగతాది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆ రోజు ప్రాణం పోయిందని చెప్పాక కూడా అత్త విసనకర్ర ఆపలేదు. బండి కట్టేదాకా కోడలికి విసురుతూనే ఉంది. ఆ గాలికి సాయమ్మ నుదుటి మీద వెంట్రుకలు లేచి పడుతున్నాయి.